అభిమాని తక్కెడలో ఇళయరాజా

కళాకారుని ప్రతిభ కొంతకాలం మరుగుపడి మరల ప్రకాశించినప్పుడు అందరికంటె అధికంగా ఆనందించేవాడు చిరకాలాభిమాని. అందరికంటె సులభంగా పొరపడేవాడూ అతడే. తన యౌవనాన్ని ఆ పాటలలో దాచుకొన్నవాడు గనుక, కొంచెం పోలిక వినిపించినా పూర్వవైభవం తిరిగి వచ్చిందని సంబరపడతాడు. వినిపించకపోతే ఆయన పని అయిపోయిందని పెదవి విరుస్తాడు. ఇంగ్లండుకు చెందిన రోలింగ్ స్టోన్స్ రాక్ బృందం 2005 తరువాత మళ్ళీ 2023లో గాని సొంత కొత్త పాటల సంపుటిని వెలువరించలేదు. అప్పుడు ఆ అభిమానులకు ఎదురైన ప్రశ్న, తెలుగు శ్రోతలకు ఇళయరాజా విషయంలో ఏనాటినుంచో పరిచితమే.

బస్తర్‌లోని బైలదిల్లా కొండల చెంత, కిరందుల్, బచేలి పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆయన పాట కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం మీదుగా చేరింది. సెలవులకు విశాఖపట్నం వైపు వెళ్ళినవారు తిరుగు ప్రయాణంలో పచ్చళ్ళ జాడీలతోపాటు క్యాసెట్లూ తెచ్చుకొనేవారు. ‘సాగరసంగమం’ (1983), ‘సితార’ (1984), ‘స్వర్ణకమలం’, ‘రుద్రవీణ’ (1988), ‘గీతాంజలి’ (1989) పాటలు అలా క్వార్టర్స్‌లో ఇంటింటా మ్రోగినవే. వీటిలో ‘సాగరసంగమం’, ‘రుద్రవీణ’ చిత్రాలు ఆయనకు ఉత్తమ సంగీత దర్శకునిగా జాతీయ పురస్కారాలు తెచ్చిపెట్టాయి.

ఆ సంగీతంలోని విశేషం కేవలం రాగమాధుర్యం కాదు. తమిళనాడులోని పణ్ణైపురం గ్రామంలో జన్మించి, అన్నగారి బృందంతో ఊరూరా పాడి, మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారి వద్ద పాశ్చాత్య సంగీతం అభ్యసించిన ఆయన, ఏ వాద్యం ఎక్కడ ఏ స్వరం పలకాలో స్వయంగా కాగితంపై వ్రాసి వాద్యకారులకు అందించేవారు. గాయకుడు ఒక బాటలో సాగుతుంటే, క్రింద బేస్ గిటార్ తనదైన మరొక బాటలో నడుస్తుంది. రెండూ ఎక్కడా తగవుపడవు. జానపదం, కర్ణాటక రాగం, పాశ్చాత్య వాద్యమేళనం ఒకే పాటలో ఒదిగిపోవడానికి ఈ లిఖిత రచనయే ఆధారం.

1992లో ‘రోజా’ చిత్రంతో ఎ.ఆర్. రెహమాన్ ప్రవేశించారు. శ్రోతల అభిరుచి మారింది. వాద్యకారులు కూర్చునే చోట కీబోర్డులు, కంప్యూటర్లు వచ్చి చేరాయి. తెలుగులో ఇళయరాజా చిత్రాలు క్రమంగా అరుదయ్యాయి. వచ్చినవాటిలోనూ వెనుకటి పట్టు అన్నింటా లేదన్నది ఒప్పుకోక తప్పదు.

అటువంటి సమయంలో, 2011 నవంబరులో, బాపుగారి ‘శ్రీరామరాజ్యం’ వచ్చింది. మాటలు వ్రాసిన ముళ్ళపూడి వెంకటరమణగారు చిత్రం విడుదలకు ముందే, అదే సంవత్సరం ఫిబ్రవరిలో కన్నుమూశారు. కథ ఉత్తర రామాయణం. ఆ కథకు 1963 నాటి ‘లవకుశ’లో ఘంటసాలగారు కూర్చిన బాణీలు తెలుగువారి నాలుకలపై నిలిచిపోయినవి. వాటిని అనుకరిస్తే అపహాస్యం; కాదని దూరంగా పోతే అపచారం. అరవై ఎనిమిదేళ్ళ వయస్సులో ఇళయరాజా మూడవ మార్గం పట్టారు. జొన్నవిత్తుల సాహిత్యాన్ని ముందు నిలిపి, పెద్ద వాద్యబృందాన్ని ఆ పదాలకు పరిచారకునిగా నియమించారు. ఈ పాటలు ‘లవకుశ’తో పోటీపడవు, దానికి తలవంచవు కూడా. పునర్వైభవమన్న మాటకు ఇదే సరియైన ఉదాహరణ అని నా అభిప్రాయం.

అయితే అభిమాని తక్కెడ నిజాయితీగా ఉండాలి. మరుసటి సంవత్సరం వచ్చిన ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ చిత్రానికి బుడాపెస్ట్ వాద్యబృందం వాయించింది. ఆ తంత్రీవాద్యాల నిండుదనం అపూర్వం. కాని కొన్ని పాటలలో గాత్రం, తెలుగు ఉచ్చారణ ఆ వాద్యగాంభీర్యానికి తగినట్లు లేవు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, జానకిగార్ల గళాలకు అలవాటుపడిన చెవికి ఆ వెలితి వెంటనే తెలుస్తుంది. ఇష్టమైనవారి లోపాన్ని చెప్పలేని మెప్పుకు విలువ ఏముంటుంది?

2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన రచించిన ‘వేలియంట్’ సింఫనీని ప్రదర్శించింది. 1993లో అదే బృందం వాయించిన ఆయన సింఫనీ శ్రోతల చేతికి అందనేలేదు. ముప్పది రెండేళ్ళ తరువాత, ఎనభై ఒక్క ఏళ్ళ వయస్సులో, ఆయన మరల కాగితం, కలం పట్టి కొత్త రచన చేశారు.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమవుతున్నది. కళాకారుడు తిరిగి రావడమంటే మన యౌవనకాలపు పాటను మరల వినిపించడం కాదు. తనకు మాత్రమే సాధ్యమైన పనికి మరల పూనుకోవడం. ఉద్యోగంలో అనుభవజ్ఞుని విషయంలోనూ ఇంతే. నిన్నటి ఘనతను వల్లించేవాడికన్న, నేటి పనిని నేర్పుతో అందుకొనేవాడే గౌరవార్హుడు. ఈ ఆదివారం ‘శ్రీరామరాజ్యం’ పాటలను ఇంటిల్లిపాదీ కూర్చుని వినండి. మొదటిసారి గాత్రాన్ని, రెండవసారి క్రింద నడిచే వాద్యాలను గమనించండి. పిల్లలకు ఏది నచ్చిందో అడగండి. మన జ్ఞాపకాల బరువు లేని చెవులు గనుక, వారి తూకమే సరిగా ఉండవచ్చును.