వండిన అన్నంతో పాటు విత్తనమూ ఇద్దాం

సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకానికి రెండు రూపాలుంటాయి. రాసేవాళ్లు దిద్దుకునే మూలప్రతి ఒకటి, దాన్నుంచి తయారై మనం చదివే పీడీఎఫ్ రెండోది. పీడీఎఫ్ వండిన అన్నం. కడుపు నిండుతుంది గానీ, మళ్లీ పంటకు విత్తనమే కావాలి. 2000లో వచ్చిన గ్నూ స్వేచ్ఛా పత్ర లైసెన్సు దీన్నే నియమం చేసింది: దిద్దడానికి వీల్లేని ప్రతులు 100కు మించి పంచితే, దిద్దుకోదగ్గ ప్రతి కూడా అందించాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. చెప్పేవాళ్లు లేని ఇంటికి పుస్తకమే అన్న. కియా ఫ్యాక్టరీ ఉన్న ఎర్రమంచిలో కంప్యూటర్ చదువు అక్కర ఇంకా ఎక్కువ. సీనియర్ అన్నలారా, తెలుగులో నోట్సు రాస్తే జిరాక్సు ఒక్కటే ఇవ్వకండి. యూనికోడ్‌లో కొట్టిన మూల ఫైలు కూడా ఇవ్వండి. మీ తప్పు తమ్ముడు దిద్దుతాడు, మీరు ఆపినచోటి నుంచి రాస్తాడు.