గున్నలు లేని మంద

ఈ పుటలో దూరదేశముల జంతువులనుగూర్చి వ్రాయుచుండుటచే, ఆఫ్రికా సింహములను వర్ణింపుడని కొందఱు సోదరీమణులు కోరుచున్నారు. ఇప్పుడు మేము చెప్పబోవు వనమున సింహములును గలవు. కాని సింహము పగలెల్ల నిద్రించు జంతువు. దానినిగూర్చి చెప్పదగిన దంతగా లేదు.

ఆఫ్రికాఖండము నడుమ, సముద్రతీరమే లేని చాద్ దేశమున, ఆగ్నేయదిశయందు జకూమా యను వనము గలదు. 1963వ సంవత్సరమున దీనిని జాతీయవనముగ నేర్పఱచిరి. వైశాల్యము రమారమి 3000 చదరపు కిలోమీటర్లు. జూను మొదలు అక్టోబరువఱకు వానలు కురిసి, యేఱులు పొరలి, వనములో చాలభాగము నీట మునుగును, బండ్లు నడువవు. పిమ్మట నీరు క్రమముగ నింకిపోయి, వేసవినాటికి సలామత్ నది యక్కడక్కడ మడుగులుగ మాత్రమే మిగులును. ఎక్కడెక్కడి మృగములును పక్షులును ఆ మడుగులకే చేరవలెను. దుర్భిణి కంటికి పెట్టుకొని పక్షులను చూడగోరువారు పోవలసిన కాలము మార్చి, ఏప్రిలు నెలలు.

ఇచ్చట 370కి మించిన పక్షిజాతులను గుర్తించిరి. వానిలో క్వీలియా యనునది మన పిచ్చుకకన్నను చిన్నది, మన గిజిగానికి జ్ఞాతి. ముక్కు ఎఱ్ఱన, తూకము 20 గ్రాములకు అటునిటు. ఒంటరిగ నున్నప్పుడు దానిని చూచువారే యుండరు. సాయంకాలమున లక్షలకొలది కూడి నీటికి దిగునప్పుడు మాత్రము దూరమునకు పొగ లేచినట్లుండును. ఒక వరుస నీటిని ముట్టి లేచుసరికి వెనుకవరుస దానిపైనుండి దొర్లివచ్చును. అవి వ్రాలిన కొమ్మలు బరువునకు విఱుగుటయు గలదు. యాత్రికులకిది మహోత్సవము; జొన్నచేను గల యిల్లాలికి మాత్రము కాదు. ఒక్కొక్క పిట్ట దినమునకు 10 గ్రాముల గింజలు తినగలదు. లక్ష పిట్టలు వ్రాలినచో ఒక్కనాటికే 1000 కిలోల జొన్నలు పోయినట్లు. మంచె యెక్కి వడిసెల త్రిప్పిన మన పల్లెపడుచులకు ఆ యిల్లాలి కడుపుమంట వేఱుగ చెప్పనక్కఱలేదు.

మడుగుల చెంత నల్లని కిరీటసారసములు వేలకొలదిగ గుమిగూడును. ఒడలు నలుపు, రెక్కలయందు తెలుపు, తలపై బంగారుతీగెలు గ్రుచ్చినట్లు నిలిచిన కుచ్చు. తక్కిన సారసములు నేలమీదనే కాని కొమ్మపై నిలువలేవు. వీని వెనుకవ్రేలు పొడవగుటచే నివి చెట్లెక్కి నిద్రించును. కెంపురంగు గల మఱియొక పిట్ట తేనెటీగలను, మిడుతలను పట్టి తినును. ఇది యేటిగట్టులను తొలిచి గూడు చేసికొనును. తిండికై బట్టమేకపక్షి వీపునెక్కి స్వారి చేయును. ఆ పెద్దపక్షి నడచునప్పుడు గడ్డిలోనుండి ఎగిరిన పురుగు దీనికి భోజనము. అచ్చటి బట్టమేక, ఒకప్పుడు మన కర్నూలుసీమ రోళ్ళపాడు బయళ్ళలో తిరిగిన బట్టమేక, ఒక్క కుదురులోనివే.

ఇంత పక్షిసమృద్ధి గల చోటనే ఏనుగులు కనుట మానినవి.

2002వ సంవత్సరమున జకూమాలో నాలుగువేలకు పైగా నేనుగులుండెను. 2010 నాటికి మిగిలినవి రమారమి 450. దంతములకై వేటకాండ్రు గుఱ్ఱములపై దండుగ వచ్చి, తుపాకులతో మందలకు మందలనే కూల్చిరి. వానకాలమున నేనుగులు మెఱకలను వెదకికొనుచు వనపుహద్దు దాటుట వారికి మఱింత యనుకూలించెను. దంతపు భరిణెను, దంతపు దువ్వెనను పెట్టెలో దాచి మురియుట మన పెద్దయిండ్లలోను గలదు. మాకు వానియం దెన్నడును మక్కువ లేదు. ఆఫ్రికాదంతముల దేశాంతరవ్యాపారమును 1989లో నిషేధించిరి. దొంగవ్యాపారము దానితో నిలువలేదు.

చచ్చిన యేనుగుల లెక్కకన్న మమ్ము కలచినది మఱియొకటి. మిగిలినవి చిన్నచిన్న కుటుంబములుగ మేయుట మాని, ఒక్క పెద్దమందగ నొత్తుకొని, ఎల్లవేళల పరుగులోనే యుండెను. గజేంద్రుని కథ విన్న మనకు మందకు ప్రభువు మగయేనుగని తోచును. వాస్తవమునకు మందను నడుపునది వయసుమీఱిన ఆడుయేనుగు. నీరెక్కడ నిలుచునో, ఏ దారిన అపాయము లేదో దానికే తెలియును. పెద్దదంతములు గల ముసలివానిని ముందు చంపుటచే ఆ తెలివియు పోవును. ఏనుగు 22 నెలలు గర్భము మోయును. కాన్పునకు కాన్పునకు నడుమ నాలుగైదేండ్లు పట్టును. అట్టి తల్లులు భయముచే గర్భము ధరించుటయే మానినవని వనపాలకులు నిర్ణయించిరి. 2011లో మంద నంతటిని వెదకగా ఐదేండ్ల లోపు గున్న యొక్కటియే కనబడెను.

2010లో చాద్ ప్రభుత్వమువారు ఆఫ్రికన్ పార్క్స్ అను సంస్థతో ఒడంబడిక చేసికొని వనపాలనమును దానికప్పగించిరి. కొన్ని యేనుగులకు సంకేతము లంపు మెడపట్టీలు కట్టిరి. వానలలోను విమానము దిగుటకు వీలైన చోట్లను సిద్ధము చేసిరి. గుఱ్ఱపుకావలివారిని మందవెంట నంపిరి. చుట్టుపట్టు గ్రామములవారిని వెల లేకయే తీసికొనివచ్చి మృగములను చూపిరి. తమ వాకిటనున్న దానిని పరదేశులు మాత్రమే చూచుట న్యాయముకాదు గదా. 2012 సెప్టెంబరు 3వ తేదీన హెబాన్ అనుచోట, ఉషఃకాలప్రార్థనలో నున్న కావలివారిపై వేటకాండ్రు విఱుచుకొనిపడి ఆఱుగురిని చంపిరి. అయినను కావలి విడువలేదు.

అన్నియు ఫలించినవనుటకు వీలులేదు. 2018లో దక్షిణాఫ్రికానుండి తెచ్చిన ఆఱు నల్లఖడ్గమృగములలో నాలుగు ఆ యేడు ముగియకమునుపే కొత్తనేల నిలువద్రొక్కుకొనలేక చచ్చినవి. ఆ 2018లోనే ఏనుగులను లెక్కింపగా ఐదేండ్ల లోపు గున్నలు 127 కనబడెను. ఎండకాలపు మడుగులలో నవి తల్లుల కాళ్ళసందున దూరి బురద జల్లుకొనును. వానలు రాగానే మందతోపాటు హద్దు దాటి మెఱకలకు పోవును.