పట్నం బడిలో వ్యవసాయం: ఆడపిల్లల వాటా ఏది?

పోయిన జూలైలో రాజేంద్రనగర్ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో జరిగిన సమావేశానికి నన్ను పిలిచారు. ఆ బడికి వచ్చే బస్తీల్లో మా సంఘం చాలా ఏళ్ళుగా పని చేస్తోంది. చదువు మానేసిన ఆడపిల్లల్ని మళ్ళీ బడికి తేవడం, పదో తరగతి కాకముందే పెళ్ళిళ్ళు చేయకుండా ఆపడం మా పని. తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం అక్కడ 'అగ్రికల్చర్ కెరీర్ అకాడమీ' ఒకటి మొదలుపెడతామని, ఖర్చంతా తామే పెట్టుకుంటామని ఒక దాతృత్వ సంస్థ ముందుకొచ్చింది. బడిలోనే కొంతమంది పిల్లల్ని ఒక జట్టుగా చేసి, ఒక రంగాన్ని పట్టుకుని, ఆ రంగం చుట్టూ మామూలు పాఠాలనూ పని శిక్షణనూ కలిపి నేర్పడాన్ని కెరీర్ అకాడమీ అంటారట. ఆ సంస్థ తరఫున వచ్చిన యువకుడు ఓపికగానే వివరించాడు.

తరువాత కాగితాలు పంచారు. అందులో రెండు పట్టికలున్నాయి. మగపిల్లలకు డ్రోన్ నడపడం, డ్రిప్పు పరికరాలు బిగించడం, మోటార్లు, ట్రాక్టర్ల రిపేరు, మట్టి పరీక్ష. ఆడపిల్లలకు పూలమొక్కల నర్సరీ, పెరటి తోట, ఆహార శుద్ధి. ఆహార శుద్ధి అంటే ఏమిటని అడిగితే పచ్చళ్ళు, వడియాలు, చిరుధాన్యాల బిస్కెట్లు అన్నాడు. ఇలా విడదీసింది ఎవరని అడిగాను. "ఎవరూ విడదీయలేదు మేడమ్, పిల్లల ఆసక్తిని బట్టి" అన్నాడు. పిల్లల్ని అడిగారా అంటే, ఇంకా లేదన్నాడు.

పచ్చళ్ళు మనకు కొత్త కాదు. ఏ పథకం వచ్చినా ఆడవాళ్ళ దగ్గరకు వచ్చేసరికి అది పచ్చడి జాడీలోకే దిగుతుంది. నేను ఆ గొడవే పెట్టుకుందామని సిద్ధమవుతుండగా, స్కూలు యాజమాన్య కమిటీలో సభ్యురాలైన ఒక తల్లి లేచింది. ఆమెది పాలమూరు వైపు పల్లె. పట్నమొచ్చి పన్నెండేళ్ళయింది. అపార్టుమెంట్లలో నాలుగిళ్ళు ఊడ్చి, తుడిచి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. "గీ మట్టి పని ఒద్దనే గదక్కా పట్నమొచ్చినం. మల్ల నా బిడ్డకు గదే నేర్పుతరా?" అంది, నా వైపు తిరిగి.

ఆ మాటకు ఆ పూట నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు వెతుక్కున్నాను.

ముందు ఒప్పుకోవలసింది, ఆమె భయంలో న్యాయం ఉందని. ఆమె పదిహేనేళ్ళు కౌలు పొలంలో కలుపు తీసింది, నాట్లు వేసింది, పత్తి ఏరింది. ఎవరి కాగితంలోనూ ఆమె రైతు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పని చేసే స్త్రీలలో నూటికి 65 మంది వ్యవసాయంలోనే ఉన్నారు. ఆ 65 మందిలో 41 మంది కూలీలు, 24 మంది మాత్రమే సాగుదారులు. 2015-16 వ్యవసాయ గణనలో స్త్రీల పేరున ఉన్న కమతాలు నూటికి 14కు కూడా చేరలేదు. చాకిరీ ఆడవాళ్ళది, పాసుబుక్కు మగవాళ్ళది అని మనం సభల్లో అంటూనే ఉన్నాం. ఆ చాకిరీ నుంచి తప్పించుకుని పట్నం చేరిన తల్లి కూతుర్ని మళ్ళీ అందులోకే పంపడమా? ఇదే విషయం మా సంఘంలో మాట్లాడుకున్నప్పుడు ఒక దళిత మిత్రురాలు ఇంకా గట్టిగా అడిగింది: "అంబేద్కర్ మమ్మల్ని పల్లె వదలమన్నాడు. మీరు మా పిల్లలకు పార, పలుగు ఇస్తారా? కంప్యూటరు ఇవ్వండి." దీన్ని దాటవేసి ముందుకు పోలేం.

అయితే వ్యవసాయం అంటే పార, పలుగు మాత్రమేనా? ఆ బడి ఉన్న చోటునే చూడండి. ఆ పిల్లలు బస్సెక్కితే కొద్ది నిమిషాల్లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం గేటు ముందు నుంచి పోతారు. వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల సంస్థ, నూనెగింజల సంస్థ, వ్యవసాయ విస్తరణాధికారులకు శిక్షణ ఇచ్చే 'మేనేజ్' అన్నీ ఆ చుట్టుపక్కలే. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. దేశంలో ఇన్ని వ్యవసాయ సంస్థలు ఒక్కచోట ఉన్న నగరాలు ఎన్నో లేవు. ఆ గోడల వెనక విత్తనాలు పరీక్షించేవాళ్ళు, నేల నమూనాలు చూసేవాళ్ళు, ధరలు లెక్కగట్టేవాళ్ళు నెల జీతాలమీద బతుకుతున్నారు. మన బస్తీ ఆడవాళ్ళు లోపలికి పోతే ప్లాట్లలో కలుపు తీయడానికి దినకూలీలుగా పోతారు, లేదా ఊడవడానికి.

పట్నంలో వ్యవసాయం లేదనేది కూడా అబద్ధమే. మూసీ వెంట, ఉప్పల్ దాటి పీర్జాదిగూడ, పర్వతాపురం దిక్కు పోతే మురుగునీళ్ళతో పెరిగే గడ్డి కనిపిస్తుంది. నగరం తాగే పాలకు ఆ గడ్డి ఆధారం. దాన్ని కోసేవాళ్ళలో, పక్కనే ఆకుకూరలు పండించి గంపల్లో అమ్మేవాళ్ళలో స్త్రీలు ఎంతమందో! గంటల తరబడి ఆ నీళ్ళల్లో నిలబడి దురదలు, పుండ్లు తెచ్చుకుంటారు. ఆ నీళ్ళలో ఏముందో పరీక్షించే చదువు వాళ్ళ కూతుళ్ళకు ఎందుకు రాకూడదు? పచ్చళ్ళ పట్టిక వేసినవాళ్ళకు ఈ సంగతి తట్టలేదు.

అంటే వ్యవసాయంలో రెండు అంతస్తులున్నాయి. కింది అంతస్తులో స్త్రీలు నిండిపోయి ఉన్నారు. పై అంతస్తుకు మెట్లు లేవు. అకాడమీ ఆ మెట్లు కట్టేదైతే రానివ్వాలి, కింది అంతస్తులోనే ఇంకో గది కడతానంటే వద్దనాలి. నాకు తోచిన జవాబు ఇది.

ఈ అకాడమీలు పుట్టింది అమెరికాలో. మొదటిది 1969లో ఫిలడెల్ఫియా నగరంలో, విద్యుత్ రంగం మీద పెట్టారు. వ్యవసాయానికి వస్తే షికాగో చెప్పుకోదగ్గ ఉదాహరణ. ఆ నగరంలో మిగిలిన చివరి పొలంలో, 72 ఎకరాల్లో, 1985లో ప్రభుత్వమే వ్యవసాయ శాస్త్రాల హైస్కూలు తెరిచింది. ఊళ్ళో ఎప్పుడూ కాలు పెట్టని నగరపు పిల్లలు, చాలామంది నల్లజాతి, లాటినో పిల్లలు, అక్కడ పశువుల శాస్త్రం, ఆహార శాస్త్రం, వ్యవసాయ ఆర్థికం, యంత్రాలు చదువుకుంటున్నారు. నగరం బడిలో వ్యవసాయమేమిటని నవ్వేవాళ్ళకు ఇది చూపించవచ్చు.

కానీ అదే దేశంలో స్త్రీల అనుభవం వేరు. బడుల్లో వ్యవసాయం చదివే పిల్లలకు 1928లో 'ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా' అనే జాతీయ సంఘం పెట్టారు. ఆడపిల్లలను అందులో సభ్యులుగా చేర్చుకున్నది 1969లో. నలభై ఒక్క ఏళ్ళపాటు 'కాబోయే రైతు' అంటే మగపిల్లవాడే! ఇక అకాడమీల ఫలితం సంగతి. తొమ్మిది హైస్కూళ్ళలో దరఖాస్తు చేసిన పిల్లల్లో లాటరీ పద్ధతిన కొందరిని చేర్చుకుని, చేరినవాళ్ళనూ చేరనివాళ్ళనూ బడి ముగిశాక ఎనిమిదేళ్ళ దాకా గమనించి, ఎం.డి.ఆర్.సి. అనే పరిశోధన సంస్థ 2008లో నివేదిక ఇచ్చింది. అకాడమీలో చదివిన మగపిల్లల సంపాదన నూటికి 17 వంతులు పెరిగింది. ఆడపిల్లల సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. అవి వేర్వేరు రంగాల అకాడమీలు, వ్యవసాయానివి కావు. అయినా ఆడామగా కలిసి ఒకే తలుపులోంచి లోపలికి పోతే, బయటికొచ్చాక ఫలితం ఒకరికే ఎందుకు దక్కిందో మనం అడగకుండా ఎలా ఉంటాం?

మన దగ్గర తలుపులు ఇంకా ఇరుకు. వ్యవసాయ డిగ్రీలో రైతు కోటా ఉంది. దానికి తల్లిదండ్రుల పేరునో, అభ్యర్థి పేరునో భూమి ఉన్నట్టు కాగితం చూపాలి, కొన్నేళ్ళు పురపాలక పరిధి బయట చదివి ఉండాలి. పట్నం పిల్లలు పల్లె పిల్లల సీట్లు తన్నుకుపోకూడదనే మంచి ఉద్దేశంతోనే పెట్టిన నిబంధన ఇది, కాదనను. కానీ ఆ తల్లి కూతురి వైపు నుంచి చూడండి. పదిహేనేళ్ళు సాగు చేసినా పట్టా లేదు కాబట్టి తల్లి రైతు కాదు. కరువు తరిమితే పట్నమొచ్చింది కాబట్టి కూతురు పల్లె పిల్ల కాదు. 2025లో వ్యవసాయ కూలీల పిల్లలకు కూడా కొన్ని సీట్లు కేటాయిస్తున్నట్టు విశ్వవిద్యాలయం ప్రకటించింది. సంతోషమే. ఊరు వదిలి పన్నెండేళ్ళయిన మనిషి తాను కూలీనని ఏ కాగితంతో రుజువు చేసుకోవాలి? ఈ సంగతి తేల్చకుండా రెండేళ్ళు అకాడమీలో చదివిస్తే, చివరికి ఆ పిల్లకు దొరికేది నర్సరీలో మొక్కలకు నీళ్ళు పోసే పనే.

చేతిపని, చదువు కలిపి నేర్పడం మనకు కొత్తేమీ కాదు. 1937లో వార్ధాలో గాంధీ చెప్పాడు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ చెప్పింది. మేము చదువుకునే రోజుల్లో దాని రూపం ఏమిటంటే, శనివారం మధ్యాహ్నం మగపిల్లలు బడి తోటలో, మేము కుట్టు క్లాసులో. నాకు కుట్టు ఇప్పటికీ రాదు. తోటలో వంకాయలు కాస్తే మాత్రం కోసి టీచర్ల ఇళ్ళకు చేర్చే పని మాదే! 2020 జాతీయ విద్యా విధానం 2025 నాటికి సగం మంది విద్యార్థులకైనా వృత్తి విద్య పరిచయం కావాలంది. ఆ లెక్క పూర్తి చేసే తొందరలో కుట్టు క్లాసును నర్సరీగా పేరు మార్చి మన పిల్లల మీద పెడితే ఊరుకోకూడదు. ప్రభుత్వమే 2023లో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామని 'డ్రోన్ దీదీ' పథకం తెచ్చింది. తల్లి వయసు ఆడవాళ్ళు నడపగల యంత్రం పద్నాలుగేళ్ళ పిల్లకు పనికిరాదా?

ఆగస్టులో రెండో సమావేశానికి మేము నలుగురం కలిసి వెళ్ళాం. రెండు పట్టికలు ఒకటి చేయాలన్నాం. మట్టి పరీక్ష, యంత్రాలు, లెక్కలు ఆడామగా అందరికీ. పచ్చళ్ళు కూడా అందరికీ, మగపిల్లలు కూడా కారం కలపనీ. సాధన పేరుతో పిల్లల చేత ఏ నర్సరీలోనూ ఉచిత చాకిరీ చేయించకూడదన్నాం. 1985లో ఉమ్మడి రాష్ట్రంలోనూ, 2005లో దేశమంతటా కూతుళ్ళకు వారసత్వ ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన చట్ట సవరణలు పాఠంలో ఉండాలన్నాం. వ్యవసాయం నేర్పుతూ భూమి ఎవరిదో చెప్పకపోతే ఎలా? జహీరాబాద్ దగ్గర మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1993లో పెట్టిన పచ్చసాలె గురించి చెప్పి, పొలం తెలిసిన తల్లులను గౌరవ వేతనం ఇచ్చి బడికి పిలవమన్నాం. దీనికి మాత్రం ఆ యువకుడు తడబడ్డాడు. "వాళ్ళకు సర్టిఫికెట్ ఉండదు కదా మేడమ్" అన్నాడు.

పట్టికలు కలపడానికి ఒప్పుకున్నారు. తల్లుల సంగతి పై వాళ్ళను అడిగి చెబుతామన్నారు. విశ్వవిద్యాలయం సీట్ల గురించి హెడ్మాస్టరుకు కూడా స్పష్టంగా తెలియదు. అకాడమీలో చదివిన వలస కుటుంబాల ఆడపిల్లలను ఏ కోటాలో పరిగణిస్తారో రాతపూర్వకంగా చెప్పమని మా సంఘం తరఫున అర్జీ తయారు చేశాం. ఇటువంటి బడులున్న ఇతర జిల్లాల మిత్రులు కూడా తమ తమ ఊళ్ళ నుంచి ఇదే ప్రశ్న పంపితే మా ఒక్కరిదే అని పక్కన పడేయలేరు.

ఆ తల్లి ఇంకా సంతకం పెట్టలేదు. కూతురు దరఖాస్తులో డ్రోన్ అని రాసుకుంది, మట్టి పరీక్ష అని కూడా. "ఆ కాలేజిల సీటు ఇస్తరని కాగితం చూపియ్ అక్కా, అప్పుడు పెడ్త" అంది తల్లి. దరఖాస్తు హెడ్మాస్టరు బల్ల సొరుగులో ఉంది. అర్జీ పట్టుకుని మేము సోమవారం రాజేంద్రనగర్ వెళ్తున్నాం. ఆమె కూడా వస్తానంది, రెండిళ్ళ పని ముగించుకుని.