మడత సైకిలు ఎవరికి కావాలి?

మడత సైకిలు అనగానే అది పట్నాల్లో డబ్బున్నవారి ఆటవస్తువని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. దాని అవసరం కేసముద్రం వంటి చిన్న రైలు స్టేషన్ల చుట్టుపక్కల పల్లెలకే ఎక్కువ.

ఎందుకో చూద్దాం. కేసముద్రం కాజీపేట - విజయవాడ రైలు మార్గంలో ఉంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలోది. 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలోది. చుట్టుపట్ల ఊళ్ల నుంచి చదువుకోసం వరంగల్ పోవాలంటే ప్రయాణం మూడు ముక్కలు. ఊరి నుంచి స్టేషనుకు సైకిలుంది. స్టేషను నుంచి స్టేషనుకు రైలుంది. మరి అక్కడి నుంచి కాలేజీకి? సైకిలు కేసముద్రంలోనే ఉండిపోయింది గదా! ఇక ఆటోకు డబ్బులివ్వాలి, లేదా నడవాలి. సైకిలును మడిచి వెంట తీసుకుపోగలిగితే ఈ చిక్కు తీరుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పారాషూట్ సైనికులకోసం మడత సైకిళ్లు తయారుచేశారు. 1970 దశకంలో ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు లండనులో తన ఇంటి గదిలోనే 16 అంగుళాల చక్రాల మడత సైకిలును రూపొందించాడు. కిటికీలోంచి కనిపించే చర్చి పేరు మీద దానికి ‘బ్రాంప్టన్’ అని పేరు పెట్టాడు.

చిన్న చక్రమైతే నెమ్మదిగా పోదా అని మీకు సందేహం రావచ్చు. 28 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు పోతుంది. 16 అంగుళాలది సుమారు 1.3 మీటర్లే. అందుకని పెడలు దగ్గరి పళ్లచక్రాన్ని పెద్దదిగానో, వెనకదాన్ని చిన్నదిగానో చేస్తారు. అప్పుడు ఒక్క తొక్కుకు చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. లోటు తీరినట్లే.

ఇక మడిచే పద్ధతి. నడుమ మడత బందు ఉన్న సైకిలుకు వరుస ఇలా ఉంటుంది: ముందు పెడళ్లు మడవాలి. ఫ్రేము నడిమి మీటను విప్పి, రెండు చక్రాలూ పక్కపక్కకు వచ్చేలా మడవాలి. తర్వాత హ్యాండిలు కిందికి వంచాలి. చివర సీటు దించాలి. విప్పేటప్పుడు ఇదే వరుస తలకిందులు. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉంటుంది.

అసలు జాగ్రత్త విప్పిన తర్వాతే. నాలుగు పుల్లలతో చతురస్రం కట్టి మూలన నొక్కండి, వాలిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం వాలదు. మామూలు సైకిలు ఫ్రేముకు బలం త్రిభుజాల వల్లనే వస్తుంది. నడుమ మడిచే సైకిలుకు చాలావరకు ఒకే లావుపాటి గొట్టం ఉంటుంది. కాలువ మీద వేసిన పలకలాగా మన బరువంతా దాని మీదే, ఆ బందు మీదే పడుతుంది. కాబట్టి మీటలన్నీ పూర్తిగా బిగిశాయో లేదో చూడాలి. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. బందు దగ్గర టకటకమంటే ఎక్కవద్దు. సీటు గొట్టం మీది గీత బయటికి కనబడేంత పైకి లాగవద్దు.

లోపాలూ ఉన్నాయి. చిన్న చక్రం గుంతలో పడితే కుదుపు ఎక్కువ. వడ్ల బస్తా మోయటానికి పాత పెద్ద సైకిలే మేలు. ధర కూడా మామూలు సైకిలు కన్నా ఎక్కువే. అంతమాత్రాన అది మనకు పనికిరాదనటం సరికాదు. మన మట్టిబాటలకు తట్టుకునే, సామాన్యుడు కొనగలిగే మడత సైకిలును ఇంజనీరింగు కాలేజీలూ, సైకిలు కంపెనీలూ ఎందుకు తయారుచేయకూడదు? లావు టైర్లు, గట్టి బందు, తక్కువ బరువు – ఈ మూడూ ఒకేచోట ఎలా కుదురుతాయో మీరూ ఆలోచించండి. అట్టముక్కలతో, చిన్న తలుపు బందుతో ఒక నమూనా చేసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.