ఏసీ గార్డ్స్‌లో "ఏసీ" అంటే ఏమిటో తెలుసా?

మన సంఘం హైదరాబాద్ యాత్ర ప్లాను గ్రూపులో చూశాను. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, ఫిల్మ్ సిటీ. పేరేమో "వారసత్వ యాత్ర". ఏసీ గార్డ్స్ కూడా కలపమని అడిగితే "అక్కడ చూడ్డానికి ఏముందండీ?" అని జవాబొచ్చింది. ఆ ప్రశ్నకే ఈ పోస్టు. కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఆ పేటలో "ఏసీ" అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో గుర్రాలెక్కి కాపలా కాసిన సిద్దీల దళం పేరే పేటకు వచ్చింది. వాళ్ళ పూర్వీకులు తూర్పు ఆఫ్రికా నుంచి కొందరు బానిసలుగా, కొందరు సైనికులుగా వచ్చినవాళ్ళు. 1948లో నిజాం పాలన ముగిశాక ఆ దళమూ పోయింది. కొలువు పోయింది కానీ మనుషులు ఎక్కడికీ పోలేదు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇంకా ఆ గల్లీల్లోనే ఉన్నారు. హైదరాబాద్ పెళ్ళి బరాతుల్లో మోగే మర్ఫా వాళ్ళదీ, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులదీ. మన వినాయక నిమజ్జనంలో ఎగిరి గంతులేసే తీన్‌మార్ కూడా ఆ దరువులోంచే పుట్టిందని అక్కడివాళ్ళు చెబుతారు. దరువు కావాలి, వాయించినవాళ్ళ వీధి మాత్రం అక్కర్లేదా?

మనలో చాలామంది పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి అట్లాంటాలో మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇంటి ముందు ఫొటో దిగారు. నేనూ దిగాను. ఆ ఆబర్న్ అవెన్యూ కోట కాదు, రాజమహల్ కాదు. నల్లజాతి వాళ్ళు ఇళ్ళు, దుకాణాలు, చర్చి కట్టుకుని బతికిన మామూలు వీధి. దాని మధ్యలోంచి పెద్ద హైవే వేశారు, పేట చితికిపోయింది. అయినా కింగ్ భార్య కొరెట్టా, ఇంకెందరో పట్టుబట్టారు. 1980లో ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. అక్కడ "చూడ్డానికి ఏముంది" అని మనం అడగలేదే! అమెరికాలో అయితే చరిత్ర, మాసబ్ ట్యాంక్‌లో అయితే ఉత్త గల్లీనా?

అసలు సంగతి ఇంకొకటి ఉంది. 2016లో మన బెంగళూరులోనే, ఒక సూడాన్ యువకుడి కారు కింద పడి ఒకావిడ చనిపోతే, దానితో సంబంధమే లేని టాంజానియా విద్యార్థినిని పట్టుకుని గుంపు కొట్టింది. ఒంటి రంగు ఒక్కటే ఆమె నేరం. అది ఎవరో అల్లరిమూక పని అని మనం తప్పుకున్నాం. మరి మన అపార్ట్‌మెంట్ మీటింగులో "ఆఫ్రికా వాళ్ళకు ఫ్లాటు అద్దెకివ్వొద్దు" అన్నప్పుడు తలలూపిందెవరు? అందులో నా తలా ఉంది. వాళ్ళు నిన్న మొన్న వచ్చిన పరాయివాళ్ళు అనుకున్నాను. హైదరాబాద్‌లో ఎన్నో తరాలుగా ఉంటున్నారని, మన కర్ణాటకలోనే ఎల్లాపుర, హళియాళ అడవుల పక్క కన్నడ, కొంకణి మాట్లాడే సిద్దీలు ఉన్నారని, 2020లో వాళ్ళలో ఒకాయన విధాన పరిషత్తుకు కూడా వెళ్ళారని అప్పుడు నాకు తెలీదు. తెలిసుంటే ఆ రోజు నోరు విప్పేవాణ్ణేమో.

అందుకే అడుగుతున్నాను, ఫిల్మ్ సిటీలో ఒక పూట తగ్గించండి. ఏసీ గార్డ్స్‌లో మ్యూజియం ఉండదు, టికెట్ ఉండదు. జంతుప్రదర్శనకు వెళ్ళినట్టు సెల్ఫీలకు ఎగబడొద్దు. ముందే మాట్లాడుకుని, మర్ఫా వాయించేవాళ్ళకు అడిగినంత ఇచ్చి, ఒక పెద్దాయన పక్కన కూర్చుని ఆయన చెప్పింది వినొద్దాం. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి.

ఎవరూ వెళ్ళని చోట బోర్డు పెట్టమని ఎవరూ అడగరు. బోర్డు లేని చోటు పేరు ఒక తరంలో ఉత్త బస్‌స్టాపు అయిపోతుంది. ఇప్పటికే మన పిల్లలు ఏసీ అంటే చల్లగాలి మిషను అనుకుంటున్నారు.

వద్దనేవాళ్ళు కారణం కింద రాయండి. "ఏముందండీ" అన్నది మాత్రం కారణం కాదు.