కొన్నవాని సొత్తునకు పరుల తాళము

చిక్కడపల్లి బజారులో కుండ కొన్నవానితో "ఇందు మా బావినీళ్లే పోయవలెను, లేనిచో చెరసాల" యని కుమ్మరి పలికిన నవ్వుదుము. ఫోను విషయమున నేల నవ్వము?

2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ వారు 3,350 రూపాయలు ముందుగా గైకొని, నెలసరి రుసుముతో 3 ఏండ్ల యొడంబడికపై ఫోనుల నిచ్చిరి. అవి యా కంపెనీకే కట్టువడినవి. వాని సంఖ్యలను దిద్ది తమ కంపెనీకి మార్చిరని టాటా ఇండికామ్ ఉద్యోగులపై హైదరాబాదులో కేసు పెట్టబడెను. 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అట్లు దిద్దుట సమాచార సాంకేతిక చట్టము 65వ సెక్షను క్రింద నేరము కాగలదని చెప్పి, ఆ యారోపణపై విచారణ సాగనిచ్చెను. ఆ సెక్షను క్రింద శిక్ష 3 ఏండ్ల వరకు చెర, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండును.

"బాకీ యెగవేయవచ్చునా?" యందురు. కూడదు. కాని బాకీకి సివిలు దావా కలదు. దొంగసొత్తును దాచుటకు సంఖ్య దిద్దువాడు వేరు. తాను కొన్న ఫోనుతో చౌకయైన కంపెనీని చేరగోరు అశోక్‌నగరు విద్యార్థి వేరు. ఇరువురికి నొకటే సంకెలయా?

అమెరికా 2013లో క్రొత్త ఫోనుల తాళము అనుమతి లేక విప్పుటను నిషేధించి, ప్రజల మొర విని, 2014లో చట్టము చేసి సడలించెను. ఋణము తీరినంతనే తాళపుచెవి కొన్నవానిదని మన చట్టమును స్పష్టముగా పలుకవలదా?