పాసయిందన్న మాట చాలదు

పాత కారు బేరమంటే మగవాళ్ల వ్యవహారమని మనం కాఫీలిచ్చి ఊరుకుంటాం. రేపు అందులో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేది మనమేగా! "రిజిస్ట్రేషన్ ఇంకా ఆరేళ్లుందమ్మా, ఢోకా లేదు" అంటాడు అమ్మేవాడు. నాకా మాట ఆనదు. మన దగ్గర సొంత కారుకి మొదటి 15 ఏళ్లూ ఏటేటా తనిఖీ లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్టేమో పొగ సంగతి చెబుతుందే గానీ బ్రేకుల ఊసెత్తదు.

బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకి ఏటా ఎం.ఓ.టి. పరీక్ష ఉంటుంది. బండి నంబరు కొడితే పాత ఫలితాలు ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. అందులో చూడాల్సింది 'పాస్' ఒక్కటే కాదు. అడుగున తుప్పు మొదలైందని ఒక ఏడు రాసి, మరుసటేడూ అదే రాస్తే, ఎవరూ పట్టించుకోలేదన్నమాటే.

ఇక్కడ ఆ చరిత్ర మనమే కూర్చుకోవాలి. సర్వీసు బుక్కూ, బిల్లులూ అడగండి. తేదీల పక్కన కిలోమీటర్లు చూడండి. నాలుగేళ్ల కిందట 80 వేలు తిరిగిన బండి ఇవాళ 60 వేలంటోందా? మీటరు మీద అనుమానపడాల్సిందే. బ్రేకుల పని చేయించిన బిల్లు ఒక్కటీ లేదా? ఎందుకని నిలదీయండి. కాగితాలు పోయాయంటే, మనకు తెలిసిన మెకానిక్ చేత బండిని పైకెత్తించి అడుగంతా చూపించండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడే వదిలేయండి.